అబ్వేలాకు (స్పానిష్‌లో అమ్మమ్మ, నానమ్మ) ఆసరా: అమెరికాలో లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) వృద్ధుల ఇళ్లకు సాయపడేవారు చేయాల్సినవి

"మా అమ్మను మేమే చూసుకుంటాం." లాటినో ఇంట్లో మొదట వినపడే మాట ఇదే. కుటుంబమే ముందన్న ఈ పట్టింపును ఫమిలిస్మో అంటారు. మన ఇళ్లకూ కొత్తది కాదు. చిక్కల్లా, ఆ "మేము" చాలాసార్లు ఒక్క కూతురే కావడం.

అందుకే మొదటిరోజే ఒక కాగితం తీసి స్నానం, మందులు, వంట, డాక్టరు, బిల్లులు, రాత్రి కాపలా అని రాసి, ఎదురుగా ఎవరు చేస్తున్నారో పేరు వేయించండి. "మీకు భారంగా ఉందా?" అని అడిగితే లేదనే అంటారు. "నిన్న రాత్రి ఎన్నిసార్లు లేచారు?" అంటే నిజం బయటికొస్తుంది. కూతురికి ఇంగ్లీషు వచ్చినా ముందు పలకరించాల్సింది పెద్దామెనే, అదీ స్పానిష్‌లో ఉస్తెద్ అనే. అది మన "మీరు"తో సమానం. "నువ్వు" అని అర్థమిచ్చే తూ వాడితే మాట అక్కడే తెగుతుంది.

తర్వాత మెడికేర్, అంటే 65 దాటినవారికి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా. అందులో ఆస్పత్రి ఖర్చు చూసే పార్ట్ ఏ ఉచితంగా రావాలంటే, పన్ను కట్టి చేసిన పనికి జమయ్యే క్రెడిట్లు 40 కావాలి. ఏడాదికి నాలుగే వస్తాయి కాబట్టి కనీసం పదేళ్ల పని. పొలాల్లో, ఇళ్లలో పన్ను లెక్కకెక్కకుండా నగదుకు చేసిన ఏళ్లు ఇందులోకి రావు. 62 దాటిన భర్తకు 40 ఉంటే భార్యకు 65 నిండాక అవే చాలు. ఇద్దరికీ లేకపోతే, గ్రీన్ కార్డుతో అయిదేళ్లు ఏకధాటిగా ఉన్నవారు 65 దాటాక డబ్బు కట్టి కొనుక్కోవచ్చు. పిల్లల దగ్గరికి గ్రీన్ కార్డు మీద వచ్చిన తెలుగు తల్లిదండ్రులకూ ఇదే రూలు.

చేరే గడువు ఏడు నెలలు: 65 నిండే నెల, దాని ముందు మూడు, వెనక మూడు. తన ఉద్యోగం ద్వారానో భర్త ఉద్యోగం ద్వారానో బీమా లేకుండా ఇది దాటిపోతే, ఆలస్యమైన ప్రతి పూర్తి 12 నెలలకు డాక్టర్ల ఖర్చు చూసే పార్ట్ బి ప్రీమియం మీద 10 శాతం జరిమానా పడుతుంది. పార్ట్ బి ఉన్నంతకాలం అది పోదు. ప్రతి రాష్ట్రంలోనూ షిప్ అనే ఉచిత సలహా కేంద్రం ఉంటుంది. ఫారం నింపే ముందే అక్కడ అడగండి. చిలీ, ఉరుగ్వేలలో పనిచేసిన ఏళ్లను అమెరికాతో ఉన్న ఒప్పందం వల్ల పెన్షన్ అర్హతకు కలుపుకోవచ్చు, మెడికేర్‌కు కాదు. మెక్సికోతో 2004లో సంతకాలయ్యాయి గాని అమల్లోకి రాలేదు.

ఆస్పత్రిలో మనవడి చేత అనువాదం చేయించకండి. పిల్లాడు చెడ్డవార్తను దాచేస్తాడు, మందు మోతాదు తప్పు చెబుతాడు. ఫెడరల్ నిధులు అందుకునే ఆస్పత్రి దుబాసీని ఉచితంగా ఇవ్వాలి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. మందు సీసాల మీద లేబుళ్లూ స్పానిష్‌లో రాయించండి. ఇంగ్లీషులో రోజుకు "ఒకసారి" అని రాసే మాట (once) అక్షరాల్లో స్పానిష్ "పదకొండు"లాగే ఉంటుంది. ఆ పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది.

నోటారియో బోర్డులతో జాగ్రత్త. లాటిన్ అమెరికాలో ఆ పేరుకు చదువుకున్న న్యాయవాది అని అర్థం. అమెరికాలో నోటరీ సంతకానికి సాక్షి మాత్రమే, ఇమ్మిగ్రేషన్ సలహా ఇచ్చే అధికారం లేదు. కాగితాలు లేని పెద్దవారి విషయంలో న్యాయ సహాయ సంస్థను అడిగాకే ఏ దరఖాస్తయినా. ప్రాణాపాయం వస్తే మాత్రం ఆలోచించకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. పరీక్షించి, పరిస్థితి కుదుటపరచడం 1986 చట్టం ప్రకారం ఆస్పత్రి బాధ్యత.

ఇక కూతురు. 1-800-677-1116కు ఫోన్ చేస్తే ఎల్డర్‌కేర్ లొకేటర్ మీ ప్రాంతపు వృద్ధుల సేవా సంస్థ నంబరు ఇస్తుంది. భోజన కేంద్రాలు, సంరక్షకులకు కాస్త విరామం ఇప్పించే ఏర్పాట్లు అక్కడ తెలుస్తాయి. భోజనానికి 60 దాటాలి, ఆదాయం లెక్క అడగరు. కాలిఫోర్నియాలో మెడికాల్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ఆ రాష్ట్రపు ఆరోగ్య బీమా) ఉన్న వృద్ధులకు ఐహెచ్‌ఎస్‌ఎస్ అనే ఇంటి సేవల పథకం కింద, సంరక్షణ చేసే సొంత కూతురికే గంటల లెక్కన జీతం ఇప్పించవచ్చు. వృద్ధులు పగలు గడిపే డే సెంటర్‌కు మొదట వారానికి రెండు పూటలు చాలు. పెద్దామెను ఒంటరిగా పంపితే రెండోసారి వెళ్లనంటుంది. చర్చి నుంచో పక్కింటి నుంచో ఒక కొమాద్రేను (ఆప్త స్నేహితురాలిని) తోడు పంపండి.