ఫర్మ్‌వేర్ లోపంతో ల్యాప్‌టాప్ ఆన్ కాకపోతే

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉంటూ ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లు, ల్యాప్‌టాప్ తెర నల్లగా ఉండిపోగానే మదర్‌బోర్డు పోయిందనుకొని, సెలవు దొరికిన రోజున దాన్ని కంప్యూటర్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డుకు తీసుకువెళ్లడం తరచూ చూస్తుంటాను. లోపం ఫర్మ్‌వేర్‌లో, అంటే ఆన్ చేయగానే మొదట నడిచే, మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉండే బయోస్ అనే ప్రోగ్రామ్‌లో ఉండవచ్చు. అందుకే దుకాణానికి వెళ్లేముందు గదిలోనే చేసి చూడవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదట ల్యాప్‌టాప్ ఎక్కడ ఆగుతోందో గమనించండి. కంపెనీ లోగో కనిపించి, ఆ తర్వాత బూట్ డివైస్ (విండోస్ ఉండే డిస్క్) లేదన్న సందేశం వస్తే ఫర్మ్‌వేర్ పనిచేస్తూనే ఉందని అర్థం. బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లి, విండోస్, మన ఫైళ్లు ఉండే ఎస్‌ఎస్‌డీ కనిపిస్తోందో లేదో, బూట్ మోడ్ (విండోస్‌ను మొదలుపెట్టే పద్ధతి) కొత్తదైన యూఈఎఫ్‌ఐ నుంచి పాతదైన లెగసీకి మారిందేమో చూడాలి. తేదీ, సెట్టింగులు మాటిమాటికీ మొదటికి వస్తుంటే వాటిని నిలిపి ఉంచే 3 వోల్టుల చిన్న సీమాస్ బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు.

లోగో కూడా రాకుండా లైటు మాత్రం ఆగి ఆగి వెలుగుతుంటే, అది ఎన్నిసార్లు వెలుగుతోందో లెక్కపెట్టి రాసుకోండి. ర్యామ్ లోపానికి ఒక లెక్క, బయోస్ లోపానికి మరొక లెక్క ఉంటాయి; వాటి అర్థం ఆ మోడల్ మాన్యువల్‌లో దొరుకుతుంది. తర్వాత ఛార్జర్ తీసేసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టి, మళ్లీ ఛార్జర్ పెట్టి ఆన్ చేసి, కొన్ని నిమిషాలు ఓపిక పట్టండి.

కిందటి వానాకాలం బయోస్ అప్‌డేట్ జరుగుతుండగా మా గదిలో కరెంటు పోయింది. బ్యాటరీ పాతది కావడంతో ల్యాప్‌టాప్ మధ్యలోనే ఆగిపోయింది. నన్ను గట్టెక్కించింది బయోస్ రికవరీ, అంటే పాడైన బయోస్‌ను పెన్‌డ్రైవ్ నుంచి తిరిగి ఎక్కించడం. తయారీదారు వెబ్‌సైటు నుంచి సరిగ్గా మన మోడల్‌కు చెందిన ఫైలునే మరో కంప్యూటర్‌లో దించుకొని, వారు చెప్పిన పేరుతోనే ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో పెట్టాలి. చాలా హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లలో విండోస్, బి కీలను పట్టుకొని పవర్ బటన్ నొక్కాలి. డెల్‌లోనైతే కంట్రోల్, ఎస్కేప్ కీలను పట్టుకొని ఛార్జర్ పెట్టాలి. పని మొదలయ్యాక తెర చాలాసేపు కదలకపోయినా బటన్ జోలికి వెళ్లకండి.

రికవరీకి ముందే, డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయమైన బిట్‌లాకర్ రికవరీ కీ చేతిలో ఉంచుకోవాలని గట్టిగా చెబుతాను. ఫర్మ్‌వేర్ మారినప్పుడు విండోస్ ఆ 48 అంకెల కీ అడగవచ్చు. సొంత ల్యాప్‌టాప్ అయితే సాధారణంగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరుకుతుంది. ఆఫీసుదైతే ఐటీ విభాగాన్ని అడగండి, అలాంటి ల్యాప్‌టాప్‌ను మీరు విప్పకండి.

ఇవేవీ ఫలించకపోతే బయోస్ చిప్‌ను ప్రోగ్రామర్ అనే పరికరంతో దుకాణంలో తిరిగి రాయించవలసిందే. అప్పుడు దుకాణదారుతో రెండు మాటలు ముందే చెప్పండి. పాత చిప్‌లో ఉన్నదాన్ని మొదట చదివి భద్రపరచాలి, ఎందుకంటే సీరియల్ నంబరు, చాలా ల్యాప్‌టాప్‌లలో విండోస్ లైసెన్స్ కీ కూడా అందులోనే ఉంటాయి. చిప్ 1.8 వోల్టులదో 3.3 వోల్టులదో చూసుకోవాలి. తక్కువ వోల్టుల చిప్‌కు ఎక్కువ ఇస్తే అది కాలిపోవచ్చు. మన ఫైళ్లు ఉండేది ఎస్‌ఎస్‌డీలో, ఆ చిప్‌లో కాదు. కాబట్టి ఈ మరమ్మతుకు ఫార్మాట్ చేయవలసిన అవసరం లేదు. ఎస్‌ఎస్‌డీ ఊడివచ్చేదైతే దాన్ని తీసి ఇంట్లో పెట్టి వెళ్లండి.