మన్యం ఘాట్ రోడ్లపై సైకిల్ ప్రయాణం: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

నర్సీపట్నంలో బయలుదేరి లంబసింగి ఘాట్ ఎక్కి, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా సాగి, అనంతగిరి ఘాట్‌లో శృంగవరపుకోటకు దిగే దారి తూర్పు కనుమల్లో రోడ్డు సైకిలుకు దొరికే మంచి దారుల్లో ఒకటి. మిరియపు తీగలు అల్లుకున్న సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ తోటలు, వానలు వెనుకబట్టాక పసుపు పచ్చగా విరబూసే వలిసె చేలు కనిపించే ఈ దారికి చేదు చరిత్ర కూడా ఉంది. మన్యంలో రోడ్ల పనికి గిరిజనుల చేత సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్‌పై రగిలిన ఆగ్రహం, పోడు వ్యవసాయంపై అటవీ చట్టం పెట్టిన ఆంక్షలతో కలిసి, 1922లో అల్లూరి సీతారామరాజు నడిపిన తిరుగుబాటుకు దారితీసింది.

ఈ దారిలో సైకిలు మొరాయించినా, ఒళ్లు మొరాయించినా మొదట వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: అది ఎక్కేటప్పుడు మొదలైందా, దిగేటప్పుడు మొదలైందా? మైదానంలో బయటపడని లోపాలు గంటల తరబడి సాగే ఎక్కుడులోనో, విడవకుండా బ్రేకులు పట్టే దిగుడులోనో బయటపడతాయి గనుక, ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుతోనే కారణం సగం తేలిపోతుంది.

ఎక్కుడులో మోకాలి చిప్ప దగ్గర నొప్పి

నొప్పి మోకాలి ముందు భాగంలో ఉంటే, సీటు మరీ కిందికి ఉండటమో, గేరు మరీ బరువుగా ఉండటమో, చాలా సార్లు ఆ రెండూ కలవడమో కారణం అవుతుంది. సీటు ఎత్తు చూడటానికి మడమను పెడల్‌పై పెట్టి, పెడల్ అట్టడుగుకు వచ్చినప్పుడు కాలు పూర్తిగా చాపుకుంటుందో లేదో గమనించాలి. చాపుకోకపోతే సీటును కొద్ది మిల్లీమీటర్లు చొప్పున పైకి లేపాలి. నొప్పి మోకాలి వెనుక ఉంటే సీటు ఎక్కువ ఎత్తులో ఉందని అనుమానించాలి.

గేరు సంగతి లెక్కతో తేలుతుంది. ముందు 34 పళ్లు, వెనుక 28 పళ్లు ఉన్న సైకిలును నిమిషానికి 60 సార్లు తొక్కాలంటే గంటకు సుమారు 9 కిలోమీటర్ల వేగం నిలబెట్టాలి. వెనుక 34 పళ్లు ఉంటే అదే తొక్కుడుకు ఏడున్నర కిలోమీటర్లు చాలు. ఏడెనిమిది శాతం వాలులో ఈ తేడా చిన్నది కాదు, ఎందుకంటే వేగం నిలబెట్టలేనివారు నిమిషానికి 40 సార్లే తొక్కుతూ, ప్రతి తొక్కుడులోనూ మోకాలిపై బరువు వేస్తూ ఎక్కుతారు. ఘాట్‌కు వెళ్లే ముందు వెనుక క్యాసెట్ (వెనుక చక్రానికి ఉండే పళ్లచక్రాల గుత్తి) మార్పించుకోవడం ఖరీదైన చక్రాలు కొనడం కంటే ఎన్నో రెట్లు మేలు. అయితే గేరు మార్చేటప్పుడు చైనును ఒక పళ్లచక్రం నుంచి మరొకదానికి జరిపే డీరైలర్ అంత పెద్ద క్యాసెట్‌కు సరిపోతుందో లేదో మెకానిక్‌ను ముందే అడగాలి.

గట్టిగా తొక్కినప్పుడు చైను ఎగరడం, లేదా చక్రం పుల్లల్లో పడటం

చదునైన రోడ్డుపై బాగానే ఉన్న చైను ఎక్కుడులో టకటకమని ఎగురుతూ ఉంటే అది సాగిందని అర్థం. చైను మీద స్కేలు పెట్టి, ఒక పిన్ను నడిమి నుంచి 12 అంగుళాలు కొలిస్తే అక్కడ మరో పిన్ను నడిమి సరిగ్గా రావాలి. ఆ పిన్ను అంగుళంలో పదహారో వంతు దాటితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాటితే క్యాసెట్ కూడా అరిగి ఉంటుంది గనుక చైను ఒక్కటే మార్చినా ఎగరడం ఆగదు.

ఇంతకంటే ప్రమాదకరమైనది, అన్నింటికన్నా తేలిక గేరులోకి మార్చగానే చైను పెద్ద పళ్లచక్రాన్ని దాటి పుల్లల్లో ఇరుక్కోవడం. రైలు సామాను పెట్టెలోనో, బస్సు డిక్కీలోనో సైకిలును కుడివైపు పడుకోబెట్టినప్పుడు డీరైలర్‌ను పట్టి ఉంచే హ్యాంగర్ లోపలికి వంగడం దీనికి సాధారణ కారణం. సైకిలును దించుకోగానే వెనుక నిలబడి చూసి, డీరైలర్ పళ్లచక్రాలకు సమాంతరంగా లేకపోతే, సరిచేయించేదాకా ఆ చివరి గేరు వాడకూడదు. ‘ఎల్’ అని గుర్తున్న స్క్రూను కొంచెం బిగిస్తే డీరైలర్ అంత లోపలికి పోదు. సైకిలు నమూనాకు సరిపోయే హ్యాంగర్ ఒకటి సంచిలో ఉండాలి, ఎందుకంటే పాడేరులో వెతికినా అది దొరుకుతుందని ఆశించలేము.

దిగుడులో బ్రేకు మెత్తబడటం, మాడు వాసన, ఉన్నట్టుండి టైరు పేలడం

ఈ మూడు లక్షణాలకూ మూలం వేడి. మనిషి, సైకిలు, సంచి కలిపి 90 కిలోలు అనుకుంటే, 900 మీటర్ల ఎత్తు దిగేసరికి వదిలించుకోవలసిన శక్తి దాదాపు 8 లక్షల జౌళ్లు. గది వేడిమిలో ఉన్న రెండున్నర లీటర్ల నీటిని మరిగించడానికి అది సరిపోతుంది. వేగంగా దిగేవారికి ఎదురుగాలి అందులో పెద్ద వాటా తీసుకుంటుంది. భయపడి మొదటి నుంచి చివరిదాకా బ్రేకును వేలితో సన్నగా నొక్కి పట్టుకునేవారికి గాలి సాయం తక్కువ, బ్రేకు చల్లారే వ్యవధి అసలే లేదు. జాగ్రత్త అనుకుని చేసేదే ఇక్కడ ముప్పు తెస్తుంది.

రిమ్ము బ్రేకులైతే ఆ వేడి రిమ్ము ద్వారా ట్యూబుకు చేరి, లోపలి గాలి ఒత్తిడి పెరిగి టైరు పేలవచ్చు. కార్బన్ రిమ్ములపై రిమ్ము బ్రేకులతో ఇలాంటి ఘాట్లు దిగకపోవడమే మంచిదని నా అభిప్రాయం. డిస్కు బ్రేకులైతే ప్యాడ్ల ఉపరితలం నున్నగా మారి పట్టు తగ్గుతుంది. హైడ్రాలిక్ వ్యవస్థలోని ద్రవంలో తేమ చేరి ఉంటే అది మరిగి, లివరు హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది.

మలుపుకు ముందు సైకిలు నిటారుగా ఉన్నప్పుడే రెండు బ్రేకులనూ గట్టిగా, కొద్దిసేపు పట్టి, మలుపులో వదిలేయాలి. లివరు మెత్తబడినట్టు అనిపించిన వెంటనే ఆగి పది, పదిహేను నిమిషాలు చల్లారనివ్వాలి. అనంతగిరి ఘాట్‌లో అయితే గాలికొండ దగ్గర ఎలాగూ ఆగాలనిపిస్తుంది. కాలిన డిస్కుపై నీళ్లు పోస్తే అది వంకరపోతుంది, వేలితో ముట్టుకుంటే చర్మం ఊడుతుంది.

వేగంలో హ్యాండిల్ వణకడం మొదలైతే దాన్ని బిగపట్టుకోకూడదు. ఒక మోకాలిని సైకిలు పైకడ్డీకి ఆనించి, సీటు మీద బరువు తగ్గించి, నెమ్మదిగా వేగం తగ్గిస్తే వణుకు ఆగుతుంది.

అదే చక్రానికి పంక్చర్ మళ్లీ మళ్లీ పడటం

ట్యూబుకు రెండు చిల్లులు పక్కపక్కనే ఉంటే గాలి చాలక గుంతలో రిమ్ము ట్యూబును నొక్కిందని, ఒకటే ఉంటే ముల్లో ఇనుప తీగ ముక్కో ఇంకా టైరులోనే ఉందని, చిల్లు రిమ్ము వైపు ఉంటే లోపలి టేపు జరిగిందని తెలుసుకోవాలి. ప్యాచ్ వేసే ముందు టైరు లోపలి వైపంతా వేళ్లతో మెల్లగా తడమాలి. దారిలోని ఊళ్లలో మోటారు సైకిళ్లకు గాలి కొట్టేవారు ఉంటారు గాని, రోడ్డు సైకిలు సన్న వాల్వుకు వారి పంపు పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టరు ఒకటి జేబులో ఉంటే ఆ ఇబ్బంది తీరుతుంది.

ఒక్కసారిగా నీరసం, ఆపైన వణుకు

ఎక్కుడు మధ్యలో కాళ్లు ఖాళీ అయిపోయి, చిరాకు కలిగి, ఆలోచన మందగిస్తే ఒంట్లో పిండి పదార్థాలు అయిపోయాయని అర్థం. ఆకలి వేసేదాకా ఆగకుండా గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండి పదార్థం అందేలా అరటిపండ్లు, ఖర్జూరాలు, పల్లీ పట్టీలు తింటూ ఉండాలి. బొంగులో చికెన్ రుచిని కాదనలేము గాని, దాన్ని ఆ రోజు తొక్కుడు ముగిశాకే ఉంచుకోవడం మంచిది. చలికాలంలో చెమటతో తడిసిన చొక్కాతోనే దిగుడు మొదలుపెడితే చేతులు కొంకర్లు పోయి బ్రేకు పట్టదు. పైన ఆగి పొడి బనియను వేసుకోవాలి. అది లేకపోతే టీ కొట్టులో అడిగి తెచ్చుకున్న పాత దినపత్రిక ఛాతీ మీద పెట్టుకున్నా గాలి ఆగుతుంది.

నిశ్శబ్దంగా ఉంటుందనుకున్న దారి కార్లతో నిండి ఉండటం

మైదానంలో తెల్లవారుజామున రోడ్లు ఖాళీగా ఉంటాయి గనుక ఇక్కడా అంతే అనుకోవడం దీనికి కారణం. డిసెంబరు, జనవరి శని, ఆదివారాల్లో లంబసింగికి, పాడేరు దగ్గరి వంజంగికి జనం పొగమంచు కోసమే వస్తారు కాబట్టి సూర్యోదయానికి ముందే వాహనాలు బారులు తీరతాయి. ఆ రోజుల్లో పొగమంచు విడిపోయి, పర్యాటకులు టిఫిన్లకు దిగాక బయలుదేరడం మేలు. వారం మధ్యలో వెళ్లగలిగితే ఇంకా మేలు. రాజమహేంద్రవరాన్ని విజయనగరంతో కలిపే 516ఈ జాతీయ రహదారి ఈ మన్యం మీదుగానే వెళుతుంది గనుక, దానిపై విస్తరణ పనులు జరిగే చోట టిప్పర్లు, కంకర ఎదురవుతాయి. వారపు సంత ఏ రోజో ముందు రోజు రాత్రే అడిగి తెలుసుకోవాలి. సంత రోజున జీపులతో పాటు మేకలు, కావళ్లు, నడిచి వచ్చే జనం రోడ్డంతా ఉంటారు, ఆ రోజు దారి వారిదే.

రద్దీ తప్పించుకోవాలనుకునేవారికి నర్సీపట్నం నుంచి కృష్ణదేవిపేట, కొయ్యూరు వైపు వెళ్లే కొండ అంచు దారి బాగుంటుంది. 1924 మే 7న కొయ్యూరు వద్ద బ్రిటిష్ బలగాలు కాల్చి చంపిన సీతారామరాజు సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలపై ఆయన దళం దాడి చేసింది. ఆ మూడు ఊళ్లనూ అదే వరసలో, రోజుకొకటి చొప్పున చూసేలా ప్రయాణం వేసుకోవచ్చు. చింతపల్లి నుంచి కృష్ణదేవిపేటకు వెళ్లాలంటే ఘాట్ దిగాలి గనుక బ్రేకులు అక్కడే చూసుకోవాలి.

మ్యాపులో ఉన్న రోడ్డు బురదలో ముగిసిపోవడం

ఫోను మ్యాపు పోడు బాటలను, అటవీ దారులను కూడా రోడ్లుగానే గీస్తుంది. పైగా కొండల్లో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. మ్యాపును ముందే ఫోనులో దింపుకుని, ఉపగ్రహ చిత్రంలో తారు గీత కనిపిస్తుందో లేదో చూడాలి. ఊళ్లో అడిగేటప్పుడు ‘ఎంత దూరం’ అని అడిగితే కాలినడక అడ్డదారి లెక్కన ‘దగ్గరే’ అన్న జవాబు వస్తుంది. ‘అక్కడికి ఆర్టీసీ బస్సు వెళుతుందా, చివరి బస్సు ఎప్పుడు?’ అని అడగాలి. బస్సు వెళ్లే దారిలో రోడ్డు సైకిలు చాలా వరకు వెళ్లగలదు, సైకిలు పూర్తిగా మొరాయిస్తే తిరిగి రావడానికీ ఆ బస్సే దిక్కు.