బరువు రేజర్ కొత్తగా కొన్నారా, ముందు డయల్ జోలికి పోకండి

విడి బ్లేడు వేసుకుని, కోత ఎంత గట్టిగా ఉండాలో అంకెల డయల్‌తో మార్చుకునే బరువైన సేఫ్టీ రేజర్ గురించి చెప్తున్నా. ఇన్నాళ్లూ బ్లేళ్ల తల మొత్తం మార్చేసే కార్ట్రిడ్జ్ రేజర్‌కి అలవాటు పడ్డ చెయ్యి కదా, మనకి తెలీకుండానే నొక్కేస్తాం. నేనూ మొదటిరోజు అలాగే నొక్కా, దవడ కింద మూడు గాట్లు. తప్పు రేజర్‌ది కాదు, నా చేతిది.

మెర్కుర్ కంపెనీ ఫ్యూచర్ లాంటి రేజర్ 120 గ్రాముల దాకా ఉంటుంది, ఆ బరువే వెంట్రుకని కోసేస్తుంది, మీరు చెయ్యాల్సిందల్లా జారిపోకుండా పట్టుకుని దారి చూపించడమే. పిడి చివర రెండు మూడు వేళ్లతో తేలిగ్గా పట్టుకోండి. పిడికిలి బిగించారా, అయిపోయారు.

ఇక డయల్. అది తిప్పితే బ్లేడుకీ దాని కింద ఉండే సేఫ్టీ బార్‌కీ మధ్య సందు పెరుగుతుంది, సందు పెరిగేకొద్దీ కోత గట్టిగా ఉంటుంది, అంతే. మెర్కుర్ వాళ్లదే ప్రోగ్రెస్ రేజర్‌లో 1 నుంచి 5, ఫ్యూచర్‌లో 1 నుంచి 6, పాత జిల్లెట్ ఫ్యాట్‌బాయ్‌లో 1 నుంచి 9 అంకెలుంటాయి, కానీ ఒక రేజర్‌లో 2 ఇంకో దాంట్లో 2 ఒకటి కాదు, ఫ్యూచర్ 1 మీదే బాగా పదునుగా తగుల్తుంది. అందుకే ఏ రేజరైనా 1తో మొదలెట్టి వారం రోజులు దాన్ని కదపకండి. డయలూ బ్లేడూ సబ్బూ అన్నీ ఒకేసారి మార్చేస్తే మంట దేనివల్ల వచ్చిందో ఎలా తెలుస్తుంది చెప్పండి?

స్నానం అయ్యాక చేస్తే మంచిది, వెంట్రుకలు నాని మెత్తబడతాయి. బ్రష్‌తో నురగ బాగా పట్టించండి, పెరుగులా నిగనిగలాడాలి, పొడి బుడగల్లా ఉంటే ఇంకొన్ని నీళ్లు పడాలన్నమాట.

అన్నిటికంటే ముఖ్యం కోణం. రేజర్ తల పైభాగం చెంపకి ఆనించి పిడిని మెల్లగా కిందికి దించుతూ రండి, బ్లేడు వెంట్రుకని అందుకోగానే సన్నగా గరగర వినిపిస్తుంది, అక్కడ ఆపండి, సుమారు 30 డిగ్రీలు. ఫ్యాన్ ఆపేసి చేస్తే ఆ చప్పుడు బాగా తెలుస్తుంది (నవ్వకండి, నిజంగానే పనికొస్తుంది). రెండో చేత్తో చర్మం లాగి పట్టుకుని రెండు మూడు సెంటీమీటర్ల చిన్న గీతలు గియ్యండి, ముందు వెంట్రుక మొలిచిన దిక్కుకే. మెడ దగ్గర అది ఎటు తిరిగుంటుందో వేలితో నిమిరి చూస్కోండి, చాలామందికి పక్కకి ఉంటుంది. రెండోసారి మళ్లీ నురగ రాసి అడ్డంగా. ఎదురు గీత మొదటి వారం వద్దు.

చెయ్యి కుదిరాక ఒక్కో అంకె పెంచి చూడండి. మూడ్రోజుల గడ్డం ఉంటే నేను మొదటి విడత 3లో లాగి రెండో విడతకి 1కి దించేస్తా, ఇలాంటి రేజర్ కొన్నది ఈ సుఖం కోసమే. రోజూ గీసుకునేవాళ్లకి అంత అవసరం ఉండదు.

చివర్లో చల్లటి నీళ్లు, తడి పటిక ముక్క. పటిక చురుక్కుమన్న చోట రేపు ఇంకా తేలిగ్గా పట్టుకోవాలని గుర్తుపెట్టుకోండి. ఐదారు షేవ్‌లకి బ్లేడు మార్చేయండి, లాగుతున్నట్టు అనిపిస్తే ఇంకా ముందే. మార్చేటప్పుడు పదును లేని పొట్టి అంచులు పట్టుకోండి, తల ఊడబీకే రకమైతే చేతులు తుడుచుకున్నాకే, సబ్బు చేత్తో అది చటుక్కున జారుతుంది. పాత బ్లేడు చెత్తబుట్టలో వెయ్యొద్దు, ఒక రేకు డబ్బాకి సన్నటి చీలిక పెట్టి అందులో వేస్తూ పోండి.