మెదడు కొలెస్ట్రాల్ లెక్కలు, 3వ పాఠం: మట్టం వేరు, ధార వేరు

మెదడు కొలెస్ట్రాల్‌లో నూటికి డెబ్బై పాళ్లు పైనే నరాల చుట్టూ ఉండే మైలిన్ పొరలో ఉంటుందని పోయిన పాఠంలో చెప్పుకున్నాం. ఈసారి ఒక పదార్థం ఎంత ఉంది అన్నదాన్నీ, ఎంత వేగంగా మారుతోంది అన్నదాన్నీ విడదీసి చదవడం నేర్చుకుందాం.

చెన్నైలో మా కింద వాటా పిన్నిగారు మొన్న లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టు పట్టుకొచ్చి, "238 అంటయ్యా, తలకాయలోకి కూడా ఎక్కేసిందంటావా?" అని టెన్షన్ పడ్డారు. ఎక్కదు. రక్తంలోని కొలెస్ట్రాల్ మెదడు గడప దాటలేదు, మెదడు తనకు కావలసింది తానే తయారు చేసుకుంటుంది. (అలాగని డాక్టరిచ్చిన మాత్ర మానేయకండి. గుండెకీ రక్తనాళాలకీ ఆ అంకె ముఖ్యమే.)

నోటుబుక్‌లో రెండు సంపులు గీయండి. మొదటిది ఎండాకాలం మా అపార్ట్‌మెంట్ సంపు. పొద్దున లారీ వచ్చి నింపితే రాత్రికి అడుగు కనిపిస్తుంది. రక్తం ఇలాంటిది, కొద్ది రోజుల్లోనే సరుకు మారిపోతుంది. రెండోది చాలా పెద్దది. సన్నటి ధార లోపలికి, సన్నటి ధార బయటికి. ఇది మెదడు. పెద్దవాళ్లలో సగం సరుకు మారడానికి సుమారు 5 ఏళ్లు పడుతుంది. బయటికి పోయే గొట్టం మీద "24-హైడ్రాక్సీకొలెస్ట్రాల్" అని రాయండి. నరకణంలోని ఎంజైమ్ కొలెస్ట్రాల్‌ని ఈ రూపంలోకి మారిస్తేనే అది గడప దాటి కాలేయానికి చేరుతుంది.

ఇప్పుడు వయసు. మైలిన్ కడుతున్న పసితనంలో లోపలి ధార జోరుగా ఉంటుంది, మట్టం పెరుగుతుంది. పెద్దయ్యాక రెండు ధారలూ ఇంచుమించు సమానం. చాలామంది పప్పులో కాలేసేది ముసలితనం దగ్గర. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లో వయసుతోపాటు కొలెస్ట్రాల్ మట్టం పెద్దగా మారదు, దాని తయారీ మాత్రం తగ్గుతుంది.

తయారీ తగ్గిందని ఎలా తెలుస్తుంది? జంతికలు చేసే రోజు వంటింట్లోకి తొంగి చూడండి. డబ్బాలో ఎన్ని జంతికలున్నాయో చూస్తే ఇవాళ్టి పని తెలియదు, పళ్లెంలో కలిపిన పిండి ఎంతుందో చూడాలి. కొలెస్ట్రాల్ విషయంలో ఆ పిండి లానోస్టెరాల్, లాథోస్టెరాల్. ఈ సగం తయారైన సరుకులు తగ్గితే పొయ్యి మందగించినట్టే.

అభ్యాసం. ఇవాళ మెదడులో ఉన్న కొలెస్ట్రాల్‌కి రంగు వేశామనుకోండి. 5 ఏళ్లకు రంగుది సగం, 10 ఏళ్లకు పావు, 15 ఏళ్లకు అరపావు మిగులుతుంది. అసలు మైలిన్‌లో ఇంకా నెమ్మది, ఇది సగటు లెక్క.

1. సగం మారడానికి 8 ఏళ్లు పడితే, 16 ఏళ్లకు ఎంత మిగులుతుంది?
2. లోపలి ధార సన్నబడినా మట్టం తగ్గలేదంటే, బయటి ధార ఏమై ఉండాలి?

రెండోదానికి బొమ్మ గీసి జవాబు రాయండి. వచ్చే పాఠం ఆ బొమ్మ మీదే మొదలవుతుంది.