పండగ తర్వాత బరువు ఆపరేషనా? అన్నం మానేముందు మాత్రల సంగతి తేల్చుకోండి

పోయిన వారం మా పక్క వీధిలో ఒకాయన్ని తెల్లవారుజామున నాలుగింటికి 108లో ఎక్కించి అమలాపురం తీసుకెళ్లారు. సంక్రాంతి వెళ్లాక బరువు తగ్గే ఆపరేషన్ ఉంది. దానికి ముందు చేయాల్సిన రెండు వారాల డైట్‌లో అది నాలుగో రోజు. ఒళ్లంతా చెమట, పిలిస్తే పలకడం లేదు. ‘అన్నం మానేశాడు కదా, నీరసం, పడుకోనివ్వండి’ అన్నారట ఇంట్లోవాళ్లు. అది నీరసం కాదు, షుగర్ పడిపోయింది. అన్నం మానేశాడు గానీ ఇన్సులిన్, మాత్ర పాత లెక్కనే వేసుకున్నాడు.

మూడేళ్ల కిందట నేనూ అంతే. డైట్ రెండో రోజు పొద్దున్నే కళ్లు తిరిగి గడప దగ్గర కూలబడ్డాను. ఆస్పత్రిలో ఇచ్చిన కాగితంలో ఏం తినాలో ఉంది, మాత్రల గురించి ఒక్క ముక్క లేదు. నేనూ అడగలేదు.

అందుకే ఆకలికి చిట్కాలు నేను చెప్పను. అవి అందరూ చెబుతారు.

డైట్ మొదలుపెట్టకముందే షుగర్ డాక్టర్‌ని అడగండి: ఏ మాత్ర ఆపాలి, ఏది సగం చేయాలి, ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు వేసుకోవాలి? మామూలుగా ఈ డైట్ రోజుకి 800 నుంచి 1000 క్యాలరీలే. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలకీ ఇన్సులిన్‌కీ మీరు తిన్నారా లేదా అన్నది పట్టదు, షుగర్‌ని దించేస్తాయి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే అంత భయం లేదు. కానీ మనవాళ్లలో చాలామంది వేసుకునేది గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ రెండూ కలిసిన బిళ్ల. పేరు నోటితో చెప్పకుండా స్ట్రిప్పే పట్టుకెళ్లి చూపించండి.

డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లది ఇంకో ప్రమాదం. పిండిపదార్థం బాగా తగ్గితే కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్లు రక్తంలో పేరుకుంటాయి. మీటర్లో షుగర్ మామూలుగానే కనబడుతుంది, లోపల మాత్రం ఒంట్లో ఆమ్లం పెరిగిపోతూ ఉంటుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే డైట్ పడటం లేదని సరిపెట్టుకోకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. ఈ మాత్రలు ఆపరేషన్‌కి కనీసం మూడు రోజుల ముందు ఆపాలి. ఇంకా ముందే ఆపాలేమో డాక్టరే చెప్పాలి. సొంతంగా ఏదీ మానేయకండి, అదీ తప్పే.

ఇక పండగ. అల్లుడికి వందల రకాలు వడ్డించి పేపర్లకెక్కే జిల్లాలు మనవి. ‘ఒక్క అరిసేగా, ఏవవుద్దే?’ అని మా పెద్దత్త నా నోటిదాకా తెచ్చింది. ఎందుకు వద్దన్నానంటే, కాలేయం ఎడమవైపు భాగం కడుపు సంచి మీద కప్పి ఉంటుంది. దాన్ని పైకెత్తితేగాని సర్జన్‌కి కడుపు అందదు. కొవ్వు పట్టి ఉబ్బిన కాలేయం సరిగా లేవదు, గీసుకుంటే రక్తం కారుతుంది. పిండిపదార్థం తగ్గిస్తే అందులో నిల్వ ఉన్న గ్లైకోజెన్ అనే చక్కెర, దానితోపాటు పట్టి ఉన్న నీరు కరిగి కాలేయం చిన్నదవుతుంది. భోగి నుంచి కనుమ దాకా తింటే ఆ నిల్వ మళ్లీ నిండుతుంది. తింటే తిన్నానని సర్జన్‌కి చెప్పండి, మహా అయితే తేదీ మారుస్తారు. దాచారా, కోత పెట్టాక తెలుస్తుంది.

రాగిజావ తేలికేగా అనుకుంటారు, అదీ పిండే. పెరట్లో చెట్టుదే కదా అని కొబ్బరి బొండాం కొట్టించుకోకండి, చార్టులో ఉంటేనే. డబ్బా మాల్ట్ పొడి ప్రోటీన్ పొడి కాదు, వెనక చక్కెర ఎంతో చదవండి.

చుట్ట, సిగరెట్, జర్దా కిళ్లీ బంద్. మందు బంద్, పందేల బరి దగ్గర కూడా.

బీపీ బిళ్ల, నీటి బిళ్ల వేసుకుంటూ లేవగానే కళ్లు తిరిగితే బీపీ చూపించుకోండి. రక్తం పలచబడే మాత్రలుంటే సర్జన్‌కి ఇప్పుడే చెప్పండి, ముందు రోజు రాత్రి కాదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పుల ఇంజెక్షన్ వద్దు.

మీటర్ తలగడ పక్కనే ఉండాలి. రాత్రి పడుకునేముందు ఒకసారి చూసుకోండి. మెలకువ వచ్చి చెమట, వణుకు, గుండెదడ ఉంటే మళ్లీ చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగేయండి, 15 నిమిషాలకి మళ్లీ చూడండి. డైట్ చెడిపోతుందని ఆలోచించకండి. చక్కెర డబ్బా అటక మీద దాచేయకండి, ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి.

ఒంటరిగా ఉన్న ఇంట్లో డైట్ మొదలుపెట్టకండి.

మనిషి పలకకపోతే నోట్లో ఏమీ పోయకండి, చక్కెర నీళ్లు కూడా. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. షుగర్ మందులు వాడుతున్నాడని వాళ్లకి మొదటి మాటలోనే చెప్పండి.

మళ్లీ చెబుతున్నా: అన్నం మానేముందు మాత్రల సంగతి అడగండి. రేపు డైట్ మొదలైతే ఇవాళే అడగండి.