క్యాబ్ కొంటున్నారా, షోరూమ్‌కి పోయే ముందు పర్మిట్ సంగతి తేల్చుకోండి

హైదరాబాద్ వచ్చి బండి నడుపుకుందాం అనుకునే మా సూర్యాపేట వైపు తమ్ముళ్ళు నన్ను మొదట అడిగేది ఏ కారు తీసుకోవాలన్నా అని, డిజైరా ఎర్టిగానా, ఈఎంఐ ఎంత పడతది అని. పర్మిట్, అంటే బండిని కిరాయికి తిప్పడానికి సర్కారు ఇచ్చే అనుమతి, ఆ మాట ఎవరూ ఎత్తరు. అసలు మొదలెట్టాల్సింది అక్కడే, ఎందుకంటే బండి ఎక్కడ తిప్పుతారో దాన్ని బట్టే పర్మిట్, పర్మిట్‌ని బట్టే మిగతా ఖర్చు.

సిటీలో ఓలా, ఉబర్ లాంటి యాప్‌ల కింద తిప్పుకుంటా, మహా అయితే వరంగల్, కరీంనగర్ దాకా పోతా అంటే స్టేట్ పర్మిట్ చాలు. చట్టంలో దీన్ని కాంట్రాక్ట్ క్యారేజ్ పర్మిట్ అంటారు, ఆర్టీఏ, అంటే రవాణా శాఖ ఆఫీసు వాళ్ళు ఇస్తారు, 5 ఏళ్ళు ఉంటది, అయిపోవడానికి కనీసం 15 రోజుల ముందే రెన్యువల్‌కి పెట్టుకోవాలి. కానీ అది తెలంగాణ వరకే. తిరుపతి పార్టీ తగిలింది, షిర్డీ పార్టీ తగిలింది, పెళ్ళికి విజయవాడ పోవాలంట అంటే ఆ పర్మిట్ పనికిరాదు. 2014 జూన్ 2కి ముందు విజయవాడ మన రాష్ట్రమే, ఇప్పుడు కోదాడ దాటి బోర్డర్ దాటితే వేరే రాష్ట్రం, ఈ సంగతి కొత్తవాళ్ళకి తట్టదు.

ఎప్పుడో ఒకసారి పోయేదైతే ఆ ట్రిప్పు వరకు టెంపరరీ పర్మిట్ తీసుకోవచ్చు. నెలకి నాలుగైదు సార్లు బయటి రాష్ట్రం కిరాయిలు వస్తాయి అనుకుంటే ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ తీసుకోండి. 2023 రూల్స్ ప్రకారం పరివాహన్ అనే కేంద్ర రవాణా శాఖ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే అప్లై చేసుకోవచ్చు, కాగితాలన్నీ సరిగ్గా పెట్టి ఫీజు కట్టాక 7 రోజుల్లో వాళ్ళు ఏదీ తేల్చకపోతే పర్మిట్ వచ్చినట్టే లెక్క. ఫీజు సీట్లని బట్టి మారతది. అయితే ఈ పర్మిట్ చేతిలో ఉంది కదా అని ఎల్బీ నగర్‌లో నిలబెట్టి విజయవాడ విజయవాడ అని పిలిచి సీటుకింత అని ఎక్కించుకోకండి, అది బస్సులకిచ్చే పర్మిట్ పని, దొరికితే కేసే.

నేను 2019లో ఇవేం చూడకుండా ఓన్ ప్లేట్ మీద, అంటే సొంత వాడకానికి ఇచ్చే వైట్ ప్లేట్ మీద, కారు తీసుకున్నా. షోరూమ్‌లో తర్వాత ట్యాక్సీకి మార్చుకోవచ్చులే అన్నారు, మార్చుకోవచ్చు నిజమే, కానీ దానికి ఫైనాన్స్ వాళ్ళ ఎన్‌ఓసీ, అంటే మాకు అభ్యంతరం లేదు అనే కాగితం కావాలి, ట్యాక్స్ తేడా కట్టాలి, ఇన్సూరెన్స్ కమర్షియల్‌కి మార్చాలి, బండి కండిషన్ చూసి ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చేయించాలి, ఆ ఎన్‌ఓసీ ఒక్కదానికే రెండు నెలలు తిప్పారు, బండి ఇంటి ముందు ఆగి ఉంది, ఈఎంఐ మాత్రం నెలనెలా కట్ అవుతూనే ఉంది. అందుకే చెప్తున్నా, బుక్ చేసేటప్పుడే ట్యాక్సీ రిజిస్ట్రేషన్ అని చెప్పండి, లోన్ కూడా ట్యాక్సీ లోనే అడగండి, ఇన్సూరెన్స్ పేపర్ మీద ప్యాసింజర్లని ఎక్కించుకునే కమర్షియల్ పాలసీ అని ఉందో లేదో మీరే చదివి చూసుకోండి.

ఈ లోపు వైట్ ప్లేట్ మీదే కిరాయి కొడదాం అనుకోవద్దు. పర్మిట్ లేకుండా దొరికితే 10,000 ఫైన్, 6 నెలల దాకా జైలు కూడా రాసుంది, బండి సీజ్ చేస్తారు. అంతకంటే భయపడాల్సింది యాక్సిడెంట్‌కి. ప్రైవేట్ పాలసీ మీద కిరాయి తిప్పారని తేలితే బండి డ్యామేజీ క్లెయిమ్ కొట్టేస్తారు, ఎదుటివాళ్ళకి ఇచ్చిన పరిహారం కూడా మళ్ళీ మీ దగ్గర వసూలు చేసే పరిస్థితి రావచ్చు. ఒక్క కిరాయికి ఇల్లు తాకట్టు పెట్టుకున్నట్టే.

కొత్త బండికి మొదటి 2 ఏళ్ళు ఫిట్‌నెస్ ఉంటది, ఆ తర్వాత 8 ఏళ్ళు వచ్చేదాకా రెండేళ్ళకోసారి, 8 దాటితే ప్రతి ఏడాది. 2019 జనవరి నుంచి రిజిస్టర్ అయిన ట్యాక్సీలకి జీపీఎస్ పరికరం, ప్యానిక్ బటన్ ఉండాలి, వాటిలో సిమ్ రీఛార్జ్ అయిపోయిన సంగతి చాలామంది మర్చిపోతారు, తీరా ఫిట్‌నెస్ చూసే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడ్డాక గుర్తొస్తది. ఫిట్‌నెస్‌కి పొద్దున పూట స్లాట్ బుక్ చేసుకుని లైట్లు, వైపర్లు, టైర్లు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా ముందు రోజే చూసుకోండి.

లైసెన్స్ గురించి కంగారు వద్దు. మామూలు కారు లైసెన్స్ మీద 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండి నడపొచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబర్‌లో ఐదుగురు జడ్జిల బెంచ్‌తో ఖాయం చేసింది, అంటే మన క్యాబ్‌లన్నీ అందులోకి వస్తాయి. యాప్‌లో చేరడానికి మాత్రం పోలీస్ వెరిఫికేషన్ లాంటివి ఇంకేం అడుగుతారో కనుక్కుని ముందే పెట్టుకుంటే టైం కలిసొస్తది.

ఎలక్ట్రిక్ బండి ఆలోచన ఉంటే అది వేరే లెక్క, 2018 నుంచే బ్యాటరీ బండ్లకి పర్మిట్ అక్కర్లేదని కేంద్రం చెప్పింది, తెలంగాణలో ఎలక్ట్రిక్ ట్యాక్సీలకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబర్ 31 దాకా ఇచ్చారు. ప్లేట్ ఎల్లో కాదు, గ్రీన్ ప్లేట్ మీద పసుపు అక్షరాలు. ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ మాత్రం దీనికీ ఉండాల్సిందే. రోజుకి 200 కిలోమీటర్ల లోపు సిటీలో తిప్పేవాళ్ళు దీన్ని సీరియస్‌గా ఆలోచించాలని నా అభిప్రాయం.

సెకండ్ హ్యాండ్ క్యాబ్ తీసుకునేవాళ్ళు ఆర్‌సీ పేరు మారితే పర్మిట్ కూడా దానంతటదే మారిపోతది అనుకోవద్దు, దానికి విడిగా ఆర్టీఏ అనుమతి తీసుకోవాలి. 2025 జులైలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో 8 ఏళ్ళు దాటిన బండిని యాప్‌లు చేర్చుకోకూడదని ఉంది, కాబట్టి ఏడేళ్ళ బండి చవగ్గా వస్తోందని అడ్వాన్స్ ఇవ్వకండి. ఇచ్చే ముందు బండి నంబర్ ఎంపరివాహన్ అనే సర్కారు యాప్‌లో కొట్టి పర్మిట్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ ఎప్పటిదాకా ఉన్నాయో చూడండి, పెండింగ్ చలాన్లు కూడా చూడండి, వాటిలో ఒక్కటి తేడా ఉన్నా అది సరిచేశాకే డబ్బు ఇస్తానని గట్టిగా చెప్పండి.