రేంజ్‌ఫైండర్ పాఠాలు – 2: జంట బొమ్మ, మూరల లెక్క

గత పాఠంలో కెమెరా పెట్టె విప్పి, బ్యాటరీ ఎక్కించి, మెనూలో మనకు అక్కర్లేనివన్నీ మూసేశాం. ఈసారి ఫోకస్. ఆటోఫోకస్‌కు అలవాటుపడిన చేతికి రేంజ్‌ఫైండర్, అంటే రెండు బొమ్మలను కలిపి దూరం కొలుస్తూ చేత్తోనే ఫోకస్ చేసుకునే కెమెరా, మొదట్లో మొండిఘటంలా తోస్తుంది. షటర్ బటన్ సగం నొక్కితే లెన్స్ కదలదు, కూత వినిపించదు, ముఖం చుట్టూ పచ్చ గడి రాదు. కొత్తగా కొన్నవాళ్లు చాలామంది ఇక్కడే నీరుగారిపోయి వెనక తెర మీద బొమ్మను పెద్దది చేసుకుని ఫోకస్ చేయడం మొదలుపెడతారు. ఆ పని కోసమే అయితే ఇంత డబ్బు పోయడం దండగ. అంతకన్నా మంచి తెర ఉన్న కెమెరాలు సగం ధరకే దొరుకుతాయి. కాబట్టి ఈ పాఠం పూర్తయ్యేదాకా వెనక తెర జోలికి పోకండి.

నేను వాడుతున్నది లైకా ఎం11, దానికి 35 మి.మీ. ఎఫ్2 లెన్స్ (ఎఫ్ అంకె లెన్స్ లోపలి రంధ్రం ఎంత తెరుచుకుందో చెబుతుంది; అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది). కెమెరా నలుపు రంగుది. దాని పై పలక అల్యూమినియం కావడంతో బరువు 530 గ్రాములే. వెండి రంగుదానికి ఇత్తడి పలక, 640 గ్రాములు. ఇత్తడి మీద మోజు నాకూ ఉంది కానీ చెన్నై ఎండలో రోజంతా మెడకు వేలాడే వస్తువు ఎంత తేలికగా ఉంటే అంత నయం. మీ దగ్గర ఎం10 ఉన్నా, 2009 నాటి ఎం9 ఉన్నా, డిజిటల్ రేంజ్‌ఫైండర్లకు 2004లో దారి తెరిచిన ఎప్సన్ ఆర్-డి1 ఉన్నా ఈ పాఠం మారదు. ఆర్-డి1లోనూ 2006 నాటి ఎం8లోనూ సెన్సార్ చిన్నది కాబట్టి కింద ఇచ్చే అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి, అంతే.

ముందు ఒక సంగతి ఒంటికి పట్టాలి. ఈ కెమెరాలో మీరు చూసేది లెన్స్ చూసే దృశ్యం కాదు. మూలన ఉన్న అద్దపు కిటికీలోంచి, అంటే వ్యూఫైండర్‌లోంచి, నేరుగా బయటికి చూస్తున్నారు. అక్కడ దగ్గరదీ దూరందీ అన్నీ ఒకేలా తేటగా ఉంటాయి. లెన్స్ ఎక్కడ ఫోకస్ అయి ఉందో, వెనకది ఎంత మసకబారుతుందో ఆ కిటికీ చెప్పదు. లెన్స్ మూత తీయకపోయినా కపాలీశ్వరస్వామి గోపురం దివ్యంగా కనబడుతూనే ఉంటుంది. పట్టపగలు వ్యూఫైండర్‌లో షటర్ వేగం అంకె అనుమానాస్పదంగా పడిపోయిందంటే ముందు మూత సంగతి చూడండి.

లెన్స్ ఫోకస్‌ను తెలిపేది వ్యూఫైండర్ నడుమ ఉన్న చిన్న వెలుగు గడి ఒక్కటే. కెమెరా ముందు భాగాన పెద్ద కిటికీకి 69 మి.మీ. పైచిలుకు దూరంలో మరో బుల్లి కిటికీ ఉంటుంది. మన రెండు కళ్ల మధ్య ఉండే ఎడం కూడా దాదాపు అంతే. రెండో కిటికీలోంచి వచ్చిన బొమ్మ ఆ గడిలో మొదటి బొమ్మ మీద పడుతుంది. ఫోకస్ కుదరనప్పుడు గడిలో వస్తువు రెండుగా, పక్కపక్కకు జరిగి కనబడుతుంది. లెన్స్ తిప్పుతుంటే రెండూ దగ్గరికొచ్చి ఒకటవుతాయి. ఆ క్షణాన ఫోకస్ కుదిరినట్టు. లెన్స్ తీసి కెమెరా లోపల పైభాగాన చూస్తే ఒక చిన్న చక్రం కనిపిస్తుంది. లెన్స్ వెనక అంచు దాన్ని నెడుతుంది, ఆ కదలిక గడిలోని బొమ్మను జరుపుతుంది. ఇదంతా మీటల పనే, విద్యుత్తుతో సంబంధం లేదు. ఎం10, ఎం11లలో బ్యాటరీ తీసేసి చూడండి: దృశ్యం హద్దులు చూపే తెల్ల గీతలు మాయమవుతాయి, అవి ఎల్‌ఈడీతో వెలిగేవి కనుక. జంట బొమ్మ మాత్రం యథాప్రకారం కలుస్తుంది, విడిపోతుంది.

ఇక సాధన. మైలాపూర్ కోనేటి గట్టుకు ఉదయం ఏడింటికి వెళ్లండి. ఎండ ఏటవాలుగా ఉంటుంది, జనం పల్చగా ఉంటారు. నీటి నడుమనున్న మండపం స్తంభం మీద గడి పెట్టి లెన్స్ తిప్పండి. స్తంభం అంచు రెండుగా ఉండి చటుక్కున ఒక్కటవుతుంది. ఇది సులువు. ఇప్పుడు కోనేటి మెట్ల మీద ప్రయత్నించండి. ఎంత తిప్పినా తేలదు. బొమ్మ పక్కకే జరుగుతుంది తప్ప పైకీ కిందికీ జరగదు. అడ్డంగా సాగే మెట్టు గీత తన మీదే తాను జరిగితే కంటికి తేడా ఎలా తెలుస్తుంది? కెమెరాను నిలువుగా తిప్పి పట్టుకుంటే అదే మెట్టు ఇట్టే దొరుకుతుంది. చీర అంచు, సముద్రపు అల, బస్సు కిటికీ చట్రం, వీటన్నిటికీ ఇదే మందు. లేదా ఆ పక్కనే అంతే దూరంలో ఉన్న మరో నిలువు అంచును వెతుక్కోవాలి: మనిషి చెవి, ముక్కు గీత, చొక్కా గుండీల పట్టీ. ముఖం తీసేటప్పుడు నేను కళ్లజోడు పక్క కమ్మీని చూస్తాను. కళ్లజోడు లేనివాళ్లయితే కంటి పాప పక్కన మెరిసే వెలుగు చుక్క.

మెట్లకన్నా మోసకారివి కిటికీ ఊచలు. పాత మైలాపూర్ ఇళ్ల వరండాలకు ఉండే నిలువు ఊచల మీద గడి పెట్టండి. ఒక చోట బొమ్మలు కలుస్తాయి. ఇంకాస్త తిప్పండి, మళ్లీ కలుస్తాయి! ఒక ఊచ బొమ్మ వెళ్లి పక్క ఊచ మీద కూర్చుంటుంది, రెండూ ఒకే లావు కాబట్టి మీకు తెలియదు. ఊచ మీద పెయింటు ఊడిన మచ్చనో, కట్టిన దారపు ముడినో ఆనవాలుగా పట్టుకోండి. మచ్చ మీద మచ్చ కూర్చుంటేనే అసలు కలయిక. వరసగా పేర్చిన ఇటుకలూ, షట్టర్ రేకులూ, గోపురం మీది ఒకేలాంటి బొమ్మలూ ఇలాగే ఏమారుస్తాయి.

గడి ఒక్కోసారి పాలిపోతుంది. సూర్యుడికి ఎదురుగా తిరిగినప్పుడు అలా జరిగితే కన్ను ఒక వెంట్రుకవాసి పక్కకు జరిపితే చాలు. వెలుతురు బాగానే ఉన్నా గడి చీకటిగా ఉంటే మీ ఎడమ చేతి వేలు బుల్లి కిటికీని మూసిందన్నమాట. పొడుగు వేళ్లవాళ్లకు ఇది తప్పని బెడద. చూపుడు వేలితో కాక, లెన్స్ అడుగున ఉన్న చంద్రవంక లాంటి తోకను వేలి కొసతో తిప్పడం అలవాటు చేసుకుంటే తీరిపోతుంది.

దగ్గరి దూరాల్లో కాస్త నిదానించాలి. 35 మి.మీ. లెన్స్‌ను ఎఫ్2 దగ్గర ఉంచి ఒక మీటరులో ఉన్న ముఖాన్ని తీస్తే, స్పష్టంగా వచ్చే లోతు సుమారు తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. 50 మి.మీ. ఎఫ్2 అయితే నాలుగున్నరే: కన్ను స్పష్టం, చెవి మసక. గడిలో బొమ్మలు కలిపాక మీరు ఊపిరి పీల్చి కొద్దిగా ముందుకు వాలారంటే ఆ నాలుగున్నరలో సగం హరించుకుపోతుంది. అందుకే ఇంత దగ్గర్లో నేను లెన్స్‌ను ఇంచుమించు దూరానికి పెట్టేసి, ఒంటినే ముందుకూ వెనక్కూ ఊపి బొమ్మలు కలుపుతాను. తెల్ల గీతల విషయం ఒక్క మాటలో: ఎం10, ఎం11లలో అవి రెండు మీటర్ల దూరానికి సరిపోయేలా గీసినవి. అంతకన్నా దూరంలో మీరు చూసినదానికంటే ఎక్కువే ఫొటోలో పడుతుంది, దగ్గరైతే తక్కువ.

ఇంతవరకు చెప్పింది యంత్రం చేసే కొలత. కెమెరా కంటికి ఎత్తేలోపు మీ కన్ను చేసే కొలత అసలు చదువు. రేంజ్‌ఫైండర్ పట్టుకుని వీధిలో తిరిగేవాళ్లు ప్రతి ఫొటోకూ గడి చూస్తూ కూర్చోరు. ఎదుటి మనిషి ఎంత దూరంలో ఉన్నాడో ముందే అంచనా కట్టి, లెన్స్ మీద ఆ దూరం పెట్టుకుని, కెమెరా ఎత్తడంతోనే నొక్కేస్తారు. ఇందుకు మీటర్ల కంటే మన పాత కొలతలే అక్కరకొస్తాయి. మూర అంటే మోచేతి నుంచి నడిమి వేలి కొస వరకు, దాదాపు 45 సెంటీమీటర్లు. బార అంటే చాచిన రెండు చేతుల కొసల మధ్య, నాలుగు మూరలు, సుమారు 1.8 మీటర్లు. ఈ లెన్స్‌లలో చాలావాటికి అతి దగ్గరి ఫోకస్ 0.7 మీటర్లు, అంటే మూరన్నర. మీ మూర ఎంతో టేపుతో ఒకసారి కొలిచి పెట్టుకోండి. దక్షిణ మాడవీధిలో పూలమ్మే ఆమె మూరను మాత్రం ప్రమాణంగా తీసుకోకండి. మల్లెపూల మూర ఎప్పుడూ కొనేవాళ్ల మూరకంటే పొట్టిదే.

ఇంట్లో సాధన చేయడానికి రెండడుగుల నేల టైళ్లు ఉండనే ఉన్నాయి. అయిదు టైళ్లయితే మూడు మీటర్లు. కుర్చీలో కూర్చుని తలుపు ఎంత దూరమో పైకి చెప్పండి, తరువాత గడిలో బొమ్మలు కలిపి లెన్స్ మీది అంకె చూడండి. మొదట మీరు చెప్పినదానికీ లెన్స్ చెప్పినదానికీ పొంతన ఉండదు. చాలామంది దగ్గరి దూరాలను ఎక్కువగానూ, దూరాలను తక్కువగానూ అంచనా కడతారు. మీ కన్ను ఏ వైపు తప్పుతుందో తెలిస్తే సవరించుకోవడం పెద్ద పని కాదు. లెన్స్ తోక ఎటు తిరిగి ఉంటే ఎంత దూరమో కూడా వేలికి తెలియాలి. ఒక్కో లెన్స్‌కు ఒక్కో తీరు కాబట్టి మీ లెన్స్ తోక నేరుగా కిందికి ఉన్నప్పుడు ఎంత చూపుతుందో ముందు గుర్తుపెట్టుకోండి, తక్కినవి దాన్నుంచి అవే వస్తాయి. ఈ కారణంగానే లెన్సులు మార్చవద్దంటాను. 1950 ఏప్రిల్‌లో తిరువణ్ణామలైలో రమణ మహర్షి చివరి రోజులను ఫొటోలు తీసిన హెన్రి కార్టియర్ బ్రెస్సన్ తన లైకాకు ఎక్కువగా 50 మి.మీ. లెన్స్ ఒక్కటే వాడేవాడు.

కన్ను కుదురుకున్నాక పాండీ బజార్‌కు రండి. 2019లో అక్కడ కాలిబాటలను వెడల్పు చేశారు కాబట్టి వాహనాల భయం లేకుండా నడవవచ్చు. పానగల్ పార్కు వైపు నుంచి మొదలుపెట్టండి. లెన్స్‌ను ఎఫ్8, మూడు మీటర్ల దగ్గర పెట్టండి. 1.9 నుంచి ఏడు మీటర్ల వరకు ఉన్నదంతా స్పష్టంగా వస్తుంది. అంటే బారెడు దూరం దాటిన ప్రతి మనిషీ మీ వాడే. రద్దీ పెరిగి జనం మీదికి వస్తుంటే రెండు మీటర్లకు జరపండి: 1.45 నుంచి 3.25 వరకు. రోడ్డంతా కావాలంటే అయిదు మీటర్ల పైన ఒక చిటికెడు. అప్పుడు ఒక ఆటో పొడవు దాటినప్పటి నుంచి ఆకాశం అంచు దాకా అన్నీ స్పష్టమే. ఎఫ్11 పెట్టి మూడు మీటర్ల దగ్గర ఉంచితే 1.7 నుంచి దాదాపు 15 మీటర్లు.

ఈ అంకెలు ఫిల్మ్ కాలపు ప్రమాణంతో లెక్కకట్టినవి. లెన్స్ మీద చెక్కిన లోతు గీతలు కూడా అదే ప్రమాణంతో వేసినవి. అప్పట్లో చిన్న ప్రింటును చేతిలో పట్టుకుని చూసేవారు. ఎం11 ఇచ్చే 60 మెగాపిక్సెళ్ల ఫొటోను కంప్యూటర్‌లో నూరు శాతానికి పెంచి చూస్తే ఆ హద్దుల దగ్గర మసక కనిపించి తీరుతుంది. ఎఫ్8 పెట్టుకుని లెన్స్ మీద ఎఫ్4 గీతల మధ్య ఉన్నదే స్పష్టమనుకుంటే పేచీ ఉండదు. వీధి ఫొటోలకు ఇదే కెమెరాను 18 మెగాపిక్సెళ్లకు మార్చి వాడినా తప్పేమీ లేదు. సొంత ఫొటోలను సూక్ష్మదర్శినిలో చూసుకుని బాధపడటం డిజిటల్ తెచ్చిన జబ్బు.

మీ కెమెరా సరిగ్గా కొలుస్తోందో లేదో కూడా ఈ పాఠంలోనే చూసుకోవాలి. సాయంత్రం మెరీనాలో అన్నా సమాధి వైపు ఇసుకలో నిలబడి, దక్షిణాన రెండు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న లైట్‌హౌస్‌ను చూడండి. దాని ఎరుపు తెలుపు పట్టీలు అడ్డంగా ఉంటాయి, వాటిని వదిలేయండి. మీకు కావలసింది దాని నిలువు అంచు. లెన్స్‌ను అనంతం గుర్తు దగ్గర ఆగేదాకా తిప్పండి. అంచు ఒకటిగా ఉంటే నిశ్చింత. రెండుగా ఉంటే, లేదా ఒక బొమ్మ రెండోదానికంటే పైకి ఎక్కి ఉంటే, బాగుచేయడం తెలిసినవాళ్లకు ఇవ్వండి. లోపలి చక్రం మరను మీరు తిప్పడం వద్దు. ఇంటర్నెట్‌లో వీడియోలు చూసి ధైర్యం వస్తుంది, ఆ ధైర్యాన్ని అణచుకోండి.

చెన్నైలో ఉండేవాళ్లకు మరో మాట. ఏసీ గదిలోంచి కెమెరాతో బయటికి వస్తే ముందు బుల్లి కిటికీ మీద తేమ పట్టి గడి అదృశ్యమవుతుంది. సంచి మూసే ఉంచి అరగంట ఆగండి. ఇంట్లో సిలికా జెల్ వేసిన గాలిచొరని డబ్బా తప్పనిసరి. ఈ ఊరి ఉక్కలో లెన్స్‌కు బూజు పట్టడానికి ఒక వర్షాకాలం చాలు.

వచ్చే పాఠం వరకు పని: రోజూ ఇంటి నుంచి బస్ స్టాపుకు వెళ్లే దారిలో ఏవైనా కొన్ని వస్తువుల దూరం అంచనా కట్టి, గడితో సరిచూసి, రెండు అంకెలూ చిన్న పుస్తకంలో పక్కపక్కన రాయండి. ఫొటో తీయనక్కర్లేదు. అంచనాలో తేడా రెండు మీటర్ల దగ్గర ఒక జానకు లోబడితే చాలు, ముందుకు పోవచ్చు. వచ్చేసారి వెలుతురు గురించి. నడినెత్తి ఎండలో ఎం11ను దాని కనిష్ఠ ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సార్ స్పందించే స్థాయి) 64 దగ్గర ఉంచి లెన్స్‌ను ఎఫ్2కు తెరిస్తే కావలసిన షటర్ వేగం 1/4000 దాకా వెళుతుంది. యాంత్రిక షటర్ హద్దు కూడా అదే. ఎండ ఇంకాస్త ముదిరితే ఏం చేయాలో అక్కడి నుంచి మొదలుపెడదాం.